ఒక్క టైరుకే డబ్బు

కొర్లగుంటలో గఫూర్ సాయిబు అంగడి.
కొత్త రబ్బరు వాసన కింద నిన్నటి వాన వాసన.
నా దగ్గరుండేది మూడువేల రెండొందలు.
అంటే ఒక్క టైరు.
చక్రాలు రెండు.

"యాడ తొక్కుతావు మే, అది చెప్పు ముందు.
టైరు సంగతి తర్వాత."

యాడని చెప్పేది?
వారానికి సెలవు ఒక్కటే, దారులు నాలుగు.
చంద్రగిరి కోట వెనక రాళ్ళ బాట,
పదును తేలిన పలుగురాయి
టైరు పక్కల్ని దొండకాయలా కోసేస్తుంది.
కల్యాణీ డ్యామ్ కింద వంక, ఎండితే ఇసక,
పిండిలో వేలు దిగినట్టు దిగిపోతుంది చక్రం.
రంగంపేట దాటినాక శెనక్కాయ చేల గట్లు,
ఎండలో ఇటుక, వానలో సంగటి.
ఇంక ఊళ్ళోకి తిరిగొచ్చే తారు రోడ్డు,
లారీల పక్కన పద్నాలుగు కిలోమీటర్లు.
అదీ దారే. దాన్నెవరూ లెక్కపెట్టరు,
మోకాళ్ళు తప్ప.

ఒకటి దించినాడు.
ఎత్తు గుబ్బలు, ఎడం ఎడంగా.
"బురదను పట్టుకుంటాది, ఇడిచిపెడతాది గూడా.
ఇడిచేది తెలీని టైరు ఎందుకు మే?
తారు మీద మాత్రం కందిరీగ మాదిరి రొద,
నీ బలమంతా తాగేస్తాది."

ఇంకోటి దించినాడు.
సీతాఫలం తోలులా పొట్టి గుబ్బలు, ఒత్తుగా.
"పరిగెత్తుతాది. ఎండినన్నాళ్ళే."

మూడోదాన్ని బొటనగోటితో నొక్కినాను.
గోటి గుర్తు కాసేపుండి, నిదానంగా మానింది.
"మెత్తంది రాతిని కరుచుకుంటాది, బిరీన అరిగిపోతాది.
గట్టిది అరగదు, జారతాది.
రెండు గుణాలుండేది ఇంకా యాడా పుట్టలా."

పోయిన శ్రావణంలో
తడిసిన బండ మీద పడినాను.
మోచేతి మీద తెల్లటి గీత ఇప్పటికీ ఉంది.
చెంగల్రాయులు వెనక్కి తిరిగి నవ్వినాడు,
తర్వాత నవ్వు మానేసి
నా సైకిలు భుజాన వేసుకుని నడిచినాడు
నాగపట్ల దాకా.
ఆ దినం తెలిసింది ఇదీ:
వెనక చక్రం జారితే నడుముకు కబురొస్తుంది,
సర్దుకోడానికి ఒక లిప్త దొరుకుతుంది.
ముందుది జారితే కబురే రాదు.
నేలే వస్తుంది.

గఫూర్ సాయిబుకు గీత చూపించినాను.
కళ్ళద్దాలు పైకి తోసి చూసినాడు, బేరం ఆపేసినాడు.
"మెత్తంది ముందరికి.
ఇప్పుడు ముందరుండేది ఎనక్కి.
ఎనకది నాకిచ్చిపో."
"అది నున్నబడిపోయింది కదా, ఎందుకు?"
"ముక్కలు కోసి పెట్టుకుంటా.
నీ మాదిరి రాళ్ళలో పక్కలు చించుకోనొచ్చేవాళ్ళకు
లోపల అతుకు."

పాత టైరు పంచుకున్న దారులన్నీ
ఎవరెవరి చక్రాల్లోనో కనపడకుండా తిరుగుతాయి కాబోలు.
ఆ మాట పైకి అనలేదు.
మూడువేలు ఇచ్చినాను.

గాలి కొట్టబోతే చెయ్యి పట్టుకున్నాడు.
"నలభై కొట్టేది మోటారుబండోళ్ళ బుద్ధి.
ముందర ఇరవై రెండు, ఎనక ఇరవై ఐదు, చాలు.
రాయి తగిలితే టైరు రవ్వంత లోపలికి పోవాల,
నువ్వు బయటికి పోకుండా."

ఆదివారం. తెల్లారకముందే రంగంపేట దాటినాను.
కొత్త రబ్బరు మీద నూగు వెంట్రుకలు
తారు రోడ్డుకే సగం రాలిపోయినాయి.
గట్టు మీద తడి.
బండ దగ్గరికొచ్చేసరికి
చేతులు వాటంతటవే బ్రేకు వెతుక్కున్నాయి.
టైరుకు ధైర్యం కొన్నాను గానీ
వేళ్ళకు కొనలేదు.

దిగి, నడిపించుకుంటూ దాటినాను. అవును, దిగినాను.
అవతల నిలబడి వెనక్కి చూస్తే
ఎర్రమన్నులో జాడ ఒకటే కనబడింది.
వంగి చూస్తే రెండు.
కొత్తది రాసిపోయినదాని మీద
పాతది తన అరిగిన అచ్చులతో దిద్దుకుంటూ వచ్చింది.

సైకిలు వెనక్కి తిప్పినాను.
బండ ఇంకా తడిగానే ఉంది.
ఈసారి ఎక్కే ఉన్నాను.